లాసెట్ చదువు: ఎత్తుపల్లములు

స్త్రీ యను కారణమున న్యాయవాదవృత్తిని నిషేధింపరాదని మన దేశమున 1923లో శాసన మయ్యెను. నేడు పట్టభద్రురాలైన గృహిణి లాసెట్ వ్రాసి మూడేండ్ల న్యాయవిద్యలో చేరవచ్చును.

పరీక్షకాలము 90 నిమిషములు, ప్రశ్నలు 120. అందు సగము న్యాయవిద్యాభిరుచికి సంబంధించినవి. తప్పునకు మార్కుల కోత లేదు గాన ఏ ప్రశ్నను విడువరాదు.

ఒకనాడు రాజ్యాంగాధికరణము లన్నియు కరతలామలకములుగా దోచును. బిడ్డకు నాల్గుదినములు జ్వరము వచ్చెనా, అవి మరపున బడి, అభ్యాసపరీక్షలో మార్కులు దిగజారును. అంతమాత్రమున "నాకేల యీ చదువు?" అని పుస్తకము మూయరాదు. తగ్గిన మార్కులు మరల చదువవలసిన భాగమును జూపునవియే.

ఇంటివారును పరీక్షకు పట్టు నా 90 నిమిషములైనను ప్రతిదినము ఆమెను పిలువక విడుతురు గాక!