వేడిమికి తాళపుచెవి యెవరి కొంగున?



గతమాసమున మాకందిన లేఖలలో నొకటి రాజమహేంద్రవరము నుండి వచ్చినది. ఆ సోదరి కుమార్తె ఇంగ్లండులో కాపురమున్నది. ఈ శీతకాలమున ఆమెకు పురుడు పోయుటకై తల్లి ప్రయాణము కావలసియున్నది. ఈలోపల కూతురును అల్లుడును తమ యింటి వేడిని కనిపెట్టి నడపునట్టి స్మార్టు యంత్రము నొకదానిని కొనదలచి, కొనవచ్చునా కూడదా యని యామెనే సలహా యడిగిరట. "ఎండను తప్పించుకొనుట తెలియును గాని వేడిని కొనుక్కొనుట మనకేమి తెలియును? మీరొక చలికాలము అచ్చట గడపి వచ్చితిరి గదా, చెప్పుడు" అని యామె వ్రాసినది. గడపి వచ్చిన మాట నిజమే. 2024 నవంబరు మొదలు 2025 ఫిబ్రవరి వరకు మేము మా అమ్మగారితో కూడ, లండనుకు పడమరగా నున్న రీడింగు పట్టణమున మా చెల్లెలి యింట నుంటిమి. మేము పోయినదియు పురిటిపనికే. కావున ఈ మాసము ఆ యంత్రమును గూర్చియే వ్రాయుచున్నాము.

ముందుగా ఆ దేశపు ఇండ్లు వెచ్చబడు విధము తెలియవలెను. పూర్వము అచ్చట గదికొక బొగ్గుపొయ్యి యుండెడిది. ఆ పొగ 1952 డిసెంబరులో లండను నగరమును కమ్మి వేలకొలది జనులను పొట్టబెట్టుకొన్న పిమ్మట, 1956లో గాలిశుభ్రతకై చట్టము చేసిరి. తరువాత ఉత్తరసముద్రపు గ్యాసు ఇంటింటికి వచ్చినది. ఇప్పుడు పెక్కు ఇండ్లలో గ్యాసు బాయిలరు ఒకటి గోడకు తగిలించి యుండును. అది నీటిని కాచును. పంపు ఆ నీటిని గొట్టముల గుండ ప్రతిగదిలోను రేడియేటరనెడి ఇనుప పలకలోనికి త్రోయును. నీరు తన వేడి నచ్చట విడిచి మరల బాయిలరు చేరును. మన పెరటిలోని నీళ్లకాగు ఇల్లంతయు చుట్టివచ్చినట్లనుకొనుడు. నడవలో గోడమీద థర్మోస్టాటు అను చిన్నబిళ్ల యుండును. మనము కోరిన డిగ్రీలకు ఆ నడవ వెచ్చబడగానే అది బాయిలరును ఆర్పివేయును. రేడియేటరు ప్రక్కనున్న మరకు ఒకటి మొదలు అయిదు వరకు అంకెలుండును. దానిని త్రిప్పి ఒక్కొక్క గది వేడిని హెచ్చించుకొనవచ్చును, తగ్గించుకొనవచ్చును.

ఇక స్మార్టు యంత్రము చేయున దేమనగా, ఆ గోడబిళ్లకు ఇంటర్నెట్టు తగిలించి దాని పెత్తనమును యజమాని ఫోనులో పెట్టుటయే. ఆఫీసులో కూర్చుండి ఇంటిని వెచ్చజేయవచ్చును. ఏ గంటకెంత వేడి కావలెనో వారమంతటికి వ్రాసి పెట్టవచ్చును. రేడియేటరు మరలకు బదులు బ్యాటరీతో నడచు మరలు బిగించినచో గదికొక వేళ, గదికొక వేడి. కిటికీ తెరచియున్నదని పసిగట్టి ఆ గదికి వేడి నాపునవి కొన్ని కలవు. వీనికన్నింటికి మించిన దింకొకటి యున్నది: ఇంటివారి ఫోనులు ఊరు దాటి పోయినచో, ఇంట నెవరును లేరని యెంచి తనంతట తానే వేడిని తగ్గించివేయుట. మా మరిది కిది మహా ముచ్చట. మేము విమానము దిగిన నాటి రాత్రియే దారిలో ఫోను చూపి, "వదినగారూ, మనము చేరుసరికి ఇల్లు ఇరువది డిగ్రీలుండును" అన్నాడు. అట్లే యున్నది. తలుపు తీయగానే ముఖమునకు తగిలిన ఆ వెచ్చదనమును మేము మరువజాలము.

డిసెంబరులో బిడ్డ పుట్టినది. జనవరి నడుమ నొకనాడు పిల్లను వైద్యునికి చూపుటకై చెల్లెలు, మరిది, బిడ్డ నెత్తుకొనుటకు మేమును బయలుదేరితిమి. అమ్మగారొక్కరే యింట నిలిచిరి. వైద్యుడు ఆసుపత్రికి పొమ్మనగా అచ్చట పొద్దుపోయినది. తిరిగి వచ్చుసరికి సాయంకాలము నాలుగున్నర, చీకటి పడినది. బయట ఒక్క డిగ్రీ. లోన నడుగిడినంతనే మాకు గుండె ఝల్లుమనెను. గోడబిళ్లమీద 15 అని యున్నది. అమ్మగారు వంటింట ముక్కాలిపీటపై రెండు కంబళ్లు కప్పుకొని, కాచిన పాలగిన్నెను రెండుచేతులతో పట్టుకొని కూర్చుండిరి. గోళ్లు నీలితిరిగి యున్నవి. చెల్లెలి ఫోనును, మరిది ఫోనును ఊరు దాటినవి గనుక ఉదయము పదిగంటలకే ఆ యంత్రము ఇల్లు పాడుపడిన దని తీర్మానించుకొన్నది. అమ్మగారి ఫోనులో ఆ యాపు లేదు. కాన అమ్మగారును లేరు!

"గోడమీది బిళ్ల త్రిప్పలేకపోతివా అమ్మా?" అంటిమి.

"దాన్ని ముట్టుకోవద్దు, అన్నీ దానికే తెలుసు అన్నాడు గదే అబ్బాయి. ముట్టుకుంటే ఏం పాడవుతుందో నని ఊరుకున్నా. ఫోను చేద్దామంటే మీరు ఆసుపత్రిలో ఉంటిరి. అల్లుడితో అనకు, చిన్నబుచ్చుకుంటాడు" అనిరి.

ఆ రాత్రి మా చెల్లెలు ఏడ్చినది. మేము మాత్రము అమ్మగారి మాట వినక మరునాడు ఉదయముననే మరిదితో చెప్పితిమి. చెప్పకుండుట మర్యాద యగును గాని, అరువది యెనిమిదేండ్ల ముసలిదేహమునకు ఆ మర్యాద చాల ఖరీదైనది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో చలిదేశపు ఇండ్లను గూర్చి చెప్పినపుడు, లోపల 18 డిగ్రీలైనను ఉండుట క్షేమమనియు, వృద్ధులకు, రోగులకు, పసివాండ్రకు అంతకు మించియు కావలసియుండవచ్చు ననియు చెప్పినది. అతడు ముఖము చిన్నబుచ్చుకొన్న మాట నిజమే. కాని తక్షణమే ఆ ఫోనులను కనిపెట్టు యేర్పాటును తీసివేసినాడు.

భారతము చదివినవారికి మయసభ జ్ఞాపకము వచ్చును. నేలయని నీట పడినవాడును, నీరని నేలపై బట్ట లెత్తినవాడును అతిథియే గాని ఇంటివాడు కాడు. ఇంటివారికి రహస్యములన్నియు తెలియును. స్మార్టు ఇల్లును అంతే. అమర్చినవానికి సేవకుడు, తక్కినవారికి మాయ. అందుచేత ఈ యంత్రములను విమర్శించునపుడు మేము పెట్టు మొదటి పరీక్ష ఇది: ఫోను లేని మనిషి, ఆ భాష రాని మనిషి, లేచి గోడకడకు పోయి చేతితో త్రిప్పినచో ఇల్లు వెచ్చబడునా? ఆ త్రిప్పుట తెలిసికొన నెంతసేపు పట్టును? అంగడిలో కొన్ని రకములకు గుండ్రని చక్రముండును, అవి మంచివి. కొన్నిటికి ఏమియు వ్రాయని నున్నని గాజుముఖ ముండును. అవి చూచుటకే సొగసు.

అయినను నిందించుటయే పనిగా పెట్టుకొనలేదు. దాని మేలులును చూచితిమి. తెల్లవారుజామున అయిదింటికి పసిబిడ్డకు పాలిచ్చుటకు లేచు తల్లికి, నాలుగున్నరకే ఆ యొక్క గది వెచ్చబడియుండుట యెంత సుఖమో బాలింతలైనవారికి చెప్పనక్కరలేదు. పసిపిల్లలు పరుండు గది 16 మొదలు 20 డిగ్రీల లోపల నుండవలెనని అచ్చటి వారి బోధ. అంతకు మించిన ఉక్క కూడ వారికి ప్రమాదమే. చలి భయముచే బిడ్డకు మూడు దుప్పట్లు చుట్టబోయిన అమ్మగారిని ఆపినది మా మాట కాదు, గదిలోని అంకెయే. ఐతే ఆ బ్యాటరీ మరలు త్రిరుగునప్పుడు గుర్రుమను చప్పుడొకటి వచ్చును. నిద్రపుచ్చిన బిడ్డ ఉలికిపడి లేచినపుడు మా చెల్లెలు దానిని తిట్టిన తిట్లు ఇచ్చట వ్రాయదగినవి కావు.

గదిగదికి వేరువేరు వేడి యన్నంతనే వాడని గదులను మంచుగడ్డలుగా విడువరాదు. మా మరిది సామానుగది రేడియేటరును పూర్తిగా కట్టివేయగా, ఇంటిలోని తడిబట్టల ఆవిరి పోయి ఆ చల్లనిగోడపై నీరై నిలిచి, నెలతిరుగక ముందే నల్లని బూజు పట్టినది. ఆ గదికిని కొంచెము వేడి యుండవలెను. దినమున కొకమారు కిటికీ తీయవలెను.

ఇక సొమ్ము సంగతి. ఆఫ్‌జెమ్ అనెడి అచ్చటి నియంత్రణ సంస్థ 2025లో వాడిన లెక్కలో, నడితరపు ఇంటికి ఏడాదికి 11,500 యూనిట్ల గ్యాసు ఖర్చు. ఆ యేడు యూనిట్టుకు ఆరు పెన్నీలకు కొంచెము పైన నుండెను. అనగా సుమారు 720 పౌండ్లు. రోజువారీ స్థిరరుసుము వేరు. ఈ యంత్రమువలన నూటికి పదివంతులు మిగిలినదే యనుకొందము: 72 పౌండ్లు. గోడబిళ్ల 200, ఆరు రేడియేటరు మరలు ఒక్కొక్కటి 50 చొప్పున 300, వెరసి 500 పౌండ్లు పెట్టినచో పెట్టుబడి రాబట్టుకొనుటకు ఏడేండ్లు. అయిదువంతులే మిగిలినచో పదునాలుగు. అదియును ఇంతకుముందు ఇల్లంతయు వృథాగా కాచుచుండినవారికే. పాత గడియారపు మరనే జాగ్రత్తగా త్రిప్పుకొను ఇల్లాలికి మిగులున దేమియు నుండకపోవచ్చును. పైగా కొన్నిటికి ఫోనులను కనిపెట్టు పనికై నెలనెల చందా కూడ కట్టవలెను. గోడబిళ్ల యొక్కటియే కొని మరలను పాతవే యుంచుకొనుట మాకు నచ్చిన మార్గము. కాని థర్మోస్టాటున్న గదిలోని రేడియేటరు మరను మాత్రము తగ్గింపరాదు. తగ్గించినచో ఆ గది యెన్నటికిని వెచ్చబడదు, గోడబిళ్ల యెన్నటికిని తృప్తిపడదు, బాయిలరు మండుచునే యుండును.

కాసు ఖర్చు లేని పని యొకటి చెప్పెదము. ఇంగ్లండులో 2005 తరువాత పెట్టిన బాయిలరులు దాదాపన్నియు పొగలోని ఆవిరిని నీరుగా మార్చి దాని వేడిని కూడ రాబట్టు జాతివి. రేడియేటర్లనుండి తిరిగి వచ్చు నీరు సుమారు 55 డిగ్రీలకు తగ్గియున్నప్పుడే ఆ పని జరుగును. అమర్చినవారు పెక్కుచోట్ల నీటిని 75, 80 డిగ్రీలకు కాచునట్లు విడిచిపోవుదురు. మా మరిది బాయిలరు 75లో నుండెను. దానిని 60కి తగ్గించితిమి. గదులు నెమ్మదిగా వెచ్చబడినవి గాని వెచ్చబడకపోలేదు. బిడ్డయు వృద్ధులును ఉన్న యింట, ఆ తగ్గించిన వేడి గదులకు చాలుచున్నదో లేదో మాత్రము రెండుమూడు దినములు అంకె చూచుకొనవలెను. మరియొక హెచ్చరిక: స్నానపునీరు పెద్ద పీపాయిలో నిలువయుండు ఇండ్లలో ఆ నీరు 60 డిగ్రీలకు తగ్గరాదు, ఏలయన గోరువెచ్చని నిలువనీట రోగకారకమగు సూక్ష్మజీవులు పెరుగును. అట్టి యిండ్లవారు పనివానిని పిలువక చేయి పెట్టరాదు.

యంత్రపు ఆయుష్షును గూర్చియు ఆలోచింపవలెను. మన రుబ్బురోలు ముత్తవ నాటిది. ఈ బిళ్ల ఇనుము చెడకున్నను తెలివి చెడును. 2014లో బ్రిటనులో అమ్మకమునకు వచ్చిన నెస్టు అను ప్రసిద్ధ థర్మోస్టాటునకు, దాని యజమానియైన గూగుల్ కంపెనీ 2025 అక్టోబరు 25తో తోడ్పాటు నిలిపివేసినది. గోడమీద చేతితో త్రిప్పవచ్చును, ఫోనుతో నడపుట మాత్రము పోయినది. పదునొకండేండ్లు! ఫోనుపెత్తనమునకే అధికధర యిచ్చి కొన్నవారికి చివరకు మిగిలినది చేతి పెత్తనమే.

చెప్పుటకు సంకోచించునట్టి సంగతి యొకటి మిగిలినది. తాళపుచెవి యొక్కని ఫోనులోనే యున్నచో, ఆ యొక్కడు మంచివాడు కానప్పుడేమి? ఆ దేశమున గృహహింసకు గురియైన స్త్రీల కాశ్రయమిచ్చు రిఫ్యూజ్ అను సంస్థ, ఇంటిలోని ఇట్టి ఇంటర్నెట్టు పరికరములు భార్యలను వేధించుటకును, కనిపెట్టుటకును సాధనములు కాగలవని హెచ్చరించుచున్నది. దూరముననుండి వేడి నార్పవచ్చును; ఆమె యింట నున్నదో లేదో తెలిసికొనవచ్చును. క్రొత్తగా కాపురమునకు పోవు ఆడపిల్లలు, అందును పరదేశమునకు పోవువారు, ఇంటి తలుపు తాళము అడిగినట్లే ఈ యాపులో తమ పేరును అడిగి చేర్పించుకొనవలెను. అడుగుట అనుమానము కాదు.

రాజమహేంద్రవరపు సోదరికి మా ప్రత్యుత్తరము: కొననిండు. చక్రముగల గోడబిళ్ల యొక్కటి చాలును. బిడ్డగదికి మాత్రము ఒక మర కొన్నను తప్పులేదు. ఫోనులను చూచి వేడిని తగ్గించు యేర్పాటు మీరున్నన్నాళ్లు వలదని చెప్పుడు. అల్లునితో చెప్పుటకు మొగమాటమైనచో కూతురితో చెప్పించుడు. చేరిన మొదటిదినముననే ఆ బిళ్లను మీచేత మూడుమారులు త్రిప్పించుకొనుడు. మా అమ్మగారికై మేము "కుడికి త్రిప్పినచో వెచ్చన, ఎడమకు చల్లన, 19కి తగ్గనీయకు" అని తెలుగున పెద్దక్షరములతో కాగితముపై వ్రాసి దాని క్రింద అంటించితిమి. ఇంకను తీయలేదని మా చెల్లెలు వ్రాసినది. ఈ సంక్రాంతికి మరిదిగారి తల్లిగారు అచ్చటికి పోవుచున్నారట. ఉన్ని మేజోళ్లు నాలుగు జతలు తీసికొనిపొండు. అచ్చటి నేలలు మన గచ్చులవంటివి కావు గాని, వేకువజామున వంటింట నిలుచుండువారి అరికాళ్లకు ఆ దేశపు చలి ముందుగా తెలియును.