కంపెనీని కొనేవాళ్లు ఏం చూస్తారు?

‘మన కంపెనీని ఎవరో కొంటున్నారట’ అన్న మాట బయటికొచ్చిందంటే ఐటీ ఆఫీసుల్లో ఇక ఆ రోజు పని సాగదు. క్యాంటీన్‌లో అందరూ అడిగేది ఒకటే: ఎంతకి? సాఫ్ట్‌వేర్ ఉద్యోగిగా నేను మాత్రం ముందు ‘ఎందుకు?’ అని అడుగుతాను. ఈ ప్రశ్న విలువ తెలియాలంటే మన హైదరాబాద్ సత్యం కంప్యూటర్స్ కథ చాలు. నాలుగు నెలల్లో అక్కడ రెండు బేరాలు నడిచాయి. ఒకదాంట్లో సత్యం కొనబోయింది, రెండోదాంట్లో సత్యమే అమ్ముడుపోయింది.

మొదటిది 2008 డిసెంబర్ 16న. మేటాస్ ప్రాపర్టీస్ మొత్తాన్నీ, మేటాస్ ఇన్‌ఫ్రాలో 51 శాతాన్నీ కలిపి 160 కోట్ల డాలర్లకు కొంటామని సత్యం ప్రకటించింది. సాఫ్ట్‌వేర్ కంపెనీకి స్థలాలు, కట్టడాలతో పనేంటి? పైగా ఆ రెండూ ఛైర్మన్ రామలింగరాజు కుటుంబీకుల చేతుల్లో ఉన్నవే! మదుపరులు మండిపడటంతో గంటల్లోనే వెనక్కి తగ్గారు. అసలు సంగతి 2009 జనవరి 7న రాజు రాసిన లేఖతో బయటపడింది. లెక్కల్లో మాత్రమే ఉన్న ఆస్తుల చోట నిజం ఆస్తులు పెట్టడానికి చేసిన చివరి ప్రయత్నమట అది. అంటే వ్యాపారం పెంచుకోవడానికి కాదు, గుంత పూడ్చుకోవడానికి.

రెండోది 2009 ఏప్రిల్‌లో. అప్పటికే ప్రభుత్వం పాత బోర్డును తప్పించి కొత్త డైరెక్టర్లను వేసింది. పద్దుల్ని నమ్మడానికి లేదు, అమెరికాలో వాటాదారుల కేసులు. అలాంటి కంపెనీకి షేరుకు 58 రూపాయల చొప్పున టెక్ మహీంద్రా పాడింది. ఎల్ అండ్ టీ పాట 45.90 దగ్గరే ఆగింది. ఎందుకంత ధైర్యం?

టెక్ మహీంద్రా ఆదాయంలో ఎక్కువ భాగం టెలికాం నుంచే వచ్చేది. అందులోనూ బ్రిటిష్ టెలికాం మీదే బాగా ఆధారపడింది. సత్యం దగ్గరేమో బ్యాంకులు, ఫ్యాక్టరీలు, దేశదేశాల కస్టమర్లు ఉన్నారు, ఆ పని తెలిసిన వేలమంది ఇంజినీర్లూ ఉన్నారు. ఇదంతా సొంతంగా కట్టుకోవాలంటే ఏళ్లు పడుతుంది. 31 శాతం వాటాకు పెట్టిన సుమారు 1,756 కోట్లూ కొత్త షేర్ల కోసమే కాబట్టి, ఆ డబ్బు నేరుగా సత్యం ఖాతాలోకే వెళ్లింది.

కొనేవాళ్లు వేసుకునే లెక్క ఇదే. మనకు లేనిది వాళ్ల దగ్గర ఏముంది? దాన్ని మనమే తయారుచేసుకుంటే ఎంతకాలం, ఎంత ఖర్చు? కొన్నాక కస్టమర్లు, మనుషులు నిలుస్తారా? దాచిన అప్పులు, కేసులు ఎన్ని? ఈ చివరి ప్రశ్న చిన్నదేం కాదు. అమెరికా వాటాదారుల కేసును తెంచుకోవడానికే 2011లో 12.5 కోట్ల డాలర్లకు ఒప్పుకోవాల్సి వచ్చింది. రెండు కంపెనీలూ పూర్తిగా ఒక్కటయ్యేసరికి 2013 జూన్ వచ్చింది.

ఇందులో ఉద్యోగుల వాటా కష్టం కూడా ఉంది. కొన్న కొద్ది నెలలకే వేలమందిని ‘వర్చువల్ పూల్’ పేరుతో పక్కన పెట్టి, జీతం తగ్గించి ఇంట్లో కూర్చోబెట్టారు. కంపెనీ బతికింది నిజమే, కానీ అందరి ఉద్యోగమూ ఒకేలా బతకలేదు.

అందుకే మీ ఆఫీసులో ఇలాంటి వార్త పుడితే రేటు గురించి కంగారు పడకండి. కొనేవాళ్ల దగ్గర లేనిది మీ టీమ్ దగ్గర ఏముందో చూసుకోండి. ఉంటే కొంత ధైర్యంగా ఉండొచ్చు. మీరు చేసే పనే చేసే టీమ్ వాళ్లకు ముందే ఉంటే మాత్రం, రెజ్యూమె దుమ్ము దులపడానికి అదే సరైన టైమ్.