లోడు లేని టెస్ట్ డ్రైవ్ ఎవరి కోసం?

చిన్న ట్రాలీ కొందామని షోరూంకి వెళ్లిన మనిషికి జరిగే మర్యాద ఏ ఊళ్లోనైనా ఒక్కటే. కడిగి నిలబెట్టిన డెమో బండి, పక్క సీట్లో సేల్స్ కుర్రాడు, బైపాస్ దాకా వెళ్లి యూటర్న్ తిప్పుకొని రావడం. పికప్ బ్రహ్మాండంగా ఉంటుంది. ఉండక ఏం చేస్తుంది? వెనక బాడీలో గడ్డిపరక కూడా లేదు. కారు కొనేవాడికి ఈ షికారు సరిపోతుందేమో గానీ, కిరాయిలు తిప్పి నెలనెలా ఫైనాన్స్ కట్టాల్సినవాడికి దీనితో ఒరిగేది శూన్యం. గూడ్స్ బండిని ఖాళీగా నడిపించి అమ్మే ఈ ఆనవాయితీ పోవాలి.

2005లో టాటా ఏస్ వచ్చినప్పుడు దానిది రెండు సిలిండర్ల డీజిల్ ఇంజిన్, 16 హార్స్ పవర్. జనం మాత్రం ఛోటా హాథీ అని పేరు పెట్టుకుని ముద్దుగా వాడుకున్నారు. 2016లో మారుతి సూపర్ క్యారీ వచ్చింది. 2025లో ఏస్ ప్రో 3.99 లక్షల ప్రారంభ ధరతో దిగింది. ఇన్ని మారినా బైపాస్ దాకా వెళ్లే ఆ షికారు మాత్రం మారలేదు.

ఈ బండ్ల వెనక కమాన్ కట్టలను నిండు బరువును లెక్కలో పెట్టుకుని బిగిస్తారు. ఖాళీగా పోతే స్పీడ్ బ్రేకర్ మీద వెనక భాగం ఎగిరెగిరి పడుతుంది. తడి రోడ్డు మీద గట్టిగా బ్రేకు కొడితే వెనక చక్రాలు జారే ప్రమాదమూ ఉంది. ఆ కుదుపు చూసి బండి బాగాలేదని తేల్చేయడం కూడా తొందరపాటే. 750 కిలోలు మోసే బండైతే, అదే బాడీలో పదిహేను సిమెంటు బస్తాలు వేస్తే కుదురుకుంటుంది. అసలు గుణం అప్పుడు బయటపడుతుంది. ఫ్లైఓవర్ ఎక్కుతూ సగంలో ఆపాలి. హ్యాండ్ బ్రేకు లాగి, ఫస్ట్ గేరులో మళ్లీ కదిలించాలి. వెనక్కి ఎంత జారింది? క్లచ్ ఎంతసేపు నలిగింది? కాలిన వాసన వచ్చిందా? విజయవాడ దుర్గ గుడి ఫ్లైఓవర్ మీద ట్రాఫిక్‌లో ఇరుక్కున్న డ్రైవరుకు ఇది మామూలు వ్యవహారం. అరకు ఘాట్ దిగేవాడికి మరో బెంగ: సెకండ్ గేరులో ఇంజిన్ బండిని పట్టి ఉంచుతుందా, భారమంతా బ్రేకుల మీదే పడుతుందా?

కాగితాలూ చూడాలి. సూపర్ క్యారీ పెట్రోలు మోడల్ 740 కిలోలు మోస్తే, సీఎన్జీ మోడల్‌కు కంపెనీ చెప్పే మోత 625 కిలోలే. తేడా రెండు సిమెంటు బస్తాల పైమాటే. పరుపులు, బిస్కెట్ కార్టన్లు వేసేవాడికి ఇదొక లెక్క కాదు. ఇటుక, ఇనుము మోసేవాడికి ప్రతి ట్రిప్పులోనూ కోతే. ఆ పైన డబ్బా బాడీ కట్టిస్తే దాని బరువూ ఈ మోతలోంచే పోతుంది. పోనీలే అని ఎక్కువ వేస్తే ఓవర్‌లోడ్ జరిమానా 20,000 రూపాయల దగ్గర మొదలవుతుంది.

ఇప్పుడున్న పని రేపు పోతే బండి ఇంకే పనికి తిరుగుతుందన్నది కూడా ఆలోచించాలి. ఆంధ్రప్రదేశ్‌లో ఇంటింటికీ రేషన్ అంటూ 2021 జనవరిలో 9,260 బండ్లు రోడ్డెక్కాయి. బాడీలన్నీ ఆ ఒక్క పని కోసం కట్టించినవే. 2025 జూన్‌లో ఆ పద్ధతే ఆగిపోయింది.

డ్రైవరు ఒంటి సంగతి ఎవరూ అడగరు. చాలా మోడళ్లలో ఇంజిన్ సీటు కిందే ఉంటుంది. ఆ సెగ పది నిమిషాల షికారులో తెలియదు, మే నెల మధ్యాహ్నం సిగ్నళ్ల దగ్గర ఆగి ఆగి గంటసేపు నడిపితే తెలుస్తుంది. 2025 అక్టోబరు నుంచి లారీ క్యాబిన్‌కు ఏసీ తప్పనిసరి చేసిన నిబంధన 3.5 టన్నులు దాటిన బండ్లకే వర్తిస్తుంది. కార్లకు స్టార్లిచ్చే భారత్ ఎన్‌క్యాప్ 2023లో మొదలైనప్పుడు సరుకు బండ్ల జోలికే పోలేదు. ముందు ముక్కు లేని ఈ క్యాబిన్లలో డ్రైవరు మోకాళ్లకూ ఎదురొచ్చే లారీకీ మధ్య ఉండేది కాస్త రేకు. పైగా కారు లైసెన్సుతో 7,500 కిలోలలోపు రవాణా వాహనం నడపొచ్చని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. ఉపాధికి అది మంచి తీర్పే. కానీ నిన్నటిదాకా కారు మాత్రమే తిప్పినవాడు నిండు లోడుతో బ్రేకు ఎలా పడుతుందో మొదటిసారి కిరాయి రోజునే చూడటం ఏం న్యాయం?

కంపెనీలు ప్రతి డీలరు దగ్గరా గూడ్స్ వాహనంగా రిజిస్టరై, ఇన్సూరెన్స్ ఉన్న ఒక డెమో బండిని, దాని మోతకు సరిపడా ఇసుక బస్తాలను ఉంచాలి. కొనేవాడు అడిగిన దారిలో గంటసేపు నడపనివ్వాలి. అది కుదరదన్న షోరూంలో అడ్వాన్సు కట్టకుండా పక్క కంపెనీ షోరూంకి వెళ్లడం కొనేవాడి చేతిలో పనే.