ఆరోగ్య విషయములు: తొలికాపు
మూడవ నెల గర్భిణియగు ఒక సోదరి తన నెత్తురు పరీక్ష కాగితమును మాకు పంపి, "రుబెల్లాకు ఐ.జి.యం. ఉన్నదని యిందు వ్రాసినారు. ఈ గర్భము నిలుపుకొనవలదని మా అత్తగారు పట్టుబట్టుచున్నారు. ఏమి చేయుదును?" అని యడిగినారు. మిగిలిన యుత్తరములను ప్రక్కకుబెట్టి దీనినే ముందు చేపట్టితిమి.

క్రొత్త రోగక్రిమి దేహమున జొరబడినపుడు దాని నెదుర్కొనుటకు నెత్తుటిలో ప్రతిరక్షకములు పుట్టును. వానిలో మొదట వచ్చునది ఐ.జి.యం. ఇల్లంటుకొన్నపుడు బిందెలతో పరుగెత్తివచ్చు ఇరుగుపొరుగువారి వంటిదది. ఐదు తునుకలు చక్రమువలె గూడి, పది చేతులతో క్రిములను గుంపుగా బట్టును. ఒక్కొక్క చేతి పట్టు గట్టిది కాకున్నను, చేతులు పెక్కగుటచే పని జరుగును. పిదప వచ్చు ఐ.జి.జి. చిన్నది, దాని పట్టు నానాటికి బిగియును, ఏండ్ల తరబడి నిలుచును.

కావున ఐ.జి.యం. కనబడిన రోగము క్రొత్తదని తలంతురు. చిక్కిచ్చటనే యున్నది. టీకా వేసికొన్న పిదప గాని, రోగము తగ్గిన పిదప గాని కొందరిలో నిది నెలలకొలది యుండును. వేరొక జబ్బువలన పుట్టినదియు పరీక్షను మోసపుచ్చవచ్చును. రెండు మూడు వారములకు మరల నెత్తురు తీయించి ఐ.జి.జి. హెచ్చినదేమో చూడవలెను. దాని పట్టు గట్టిదని తేలిన, రోగము పాతదన్నమాట.

అత్తగారి భయము వట్టిదని మేమనము. 1941లో సిడ్నీ నగరమున నార్మన్ గ్రెగ్ అను నేత్రవైద్యుడు, గర్భము తొలినెలలలో తల్లికి రుబెల్లా వచ్చిన శిశువుల కండ్లలో శుక్లములుండుట కనిపెట్టెను. చెవుడును, గుండెజబ్బును గూడ కలుగవచ్చును. గర్భిణికి ఈ టీకా వేయరాదు గనుక ముందే వేయించుకొనుట మేలు. మన దేశమున 2017 మొదలు పిల్లలకు తట్టు టీకాతో గలిపి వేయుచున్నారు.

ఇంకొక వింత. ఐ.జి.జి. మాయను దాటి బిడ్డకు జేరును, ఐ.జి.యం.నకు ఆ దారి లేదు. అందుచే పుట్టిన బిడ్డ నెత్తుటిలో నిది యున్నచో, అది తల్లి యిచ్చినది గాక బిడ్డ తానై చేసికొన్నదే. గర్భమందే రోగము సోకెనని వైద్యులు గ్రహింతురు.

రెండవ పరీక్ష కాకుండ ఏ నిర్ణయమును చేసికొనవలదనియు, చిన్ననాటి టీకా కాగితము పుట్టింట వెదకించి పెద్ద వైద్యశాలకు గొనిపొండనియు ఆ సోదరికి వ్రాసితిమి. అత్తగారిని గూడ వెంటబెట్టుకొని పొమ్మంటిమి.