ఫోటోలో 34 మంది

మనవాళ్ళు ఇద్దరు ఎక్కడ కలిసినా ఊరూ పేరూ అయ్యాక వచ్చే ప్రశ్న "మీరు ఎక్కడ చదువుకున్నారు?" అని. ఆంధ్రలోనో తెలంగాణలోనో చదివినవాళ్ళకి జవాబు తేలిక. మనబోటివాళ్ళం మాత్రం కాస్త వివరంగా చెప్పుకోవాలి. హోసూరు తాలూకాలో తెలుగు మీడియంలో చదివానంటే, హైదరాబాదు నుంచి బదిలీ మీద మా బ్రాంచికి వచ్చినవాళ్ళు "తమిళనాడులో తెలుగు మీడియమా?" అని ఇప్పటికీ ఆశ్చర్యపోతారు. బస్సు బోర్డు తమిళంలో, సంతలో బేరం తెలుగులో, నలభై కిలోమీటర్లు పోతే బెంగుళూరులో కన్నడం. మాకు అందులో వింతేమీ కనిపించేది కాదు.

మాది 1985 ఎస్సెస్సెల్సీ బ్యాచి. కృష్ణగిరి జిల్లా 2004లో వచ్చింది గాని, అప్పటికి మేం ధర్మపురి జిల్లావాళ్ళం. క్లాసులో 34 మందిమి. మగపిల్లలు 24, ఆడపిల్లలు 10. తెలుగు పాఠ్యపుస్తకాలు ఏ ఏడాదీ బడి తెరిచే నాటికి అందేవి కావు. వచ్చినా అందరికీ చాలేవి కావు. అందుకని మా తెలుగు మాస్టారు ముందు బెంచీలో కూర్చునే ఒక అమ్మాయిని లేపి పాఠం పైకి చదవమనేవారు. ఆ అమ్మాయి గొంతు ఖంగుమని వెనక బెంచీ దాకా వినిపించేది. మాలో సగం మంది ఆ పాఠాలను చదివి కాదు, విని నేర్చుకున్నాం. లెక్కల్లో కూడా ఆ అమ్మాయిదే మొదటి మార్కు.

మధ్యాహ్నం చింతచెట్టు కింద కారియర్లు విప్పేవాళ్ళం. చాలామందివి రాగిసంగటి ముద్దలే. అనపకాయల కాలం వస్తే పితికిపప్పు కూర ఎవరి డబ్బాలో ఉందో మూత తియ్యకముందే వాసన చెప్పేసేది. తెచ్చినవాడికి చివరికి రెండు గింజలు మిగిలితే గొప్ప.

వీడ్కోలు రోజున తీయించుకున్న గ్రూపు ఫోటో కాపీ పన్నెండు రూపాయలు. పదకొండు మంది కొనగలిగారు. రోజూ పొద్దున్నే రోజా తోటలో కూలిపని చేసి బడికి వచ్చే మా మిత్రుడు ఒకడు వెనక వరసలో నిలబడ్డాడు గాని కాపీ కొనలేదు. 2016లో మేం వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నప్పుడు ఎవరో ఆ ఫోటో పంపారు. పదిహేనేళ్ళ వయసులో తాను ఎలా ఉండేవాడో మావాడు 31 ఏళ్ళ తరువాత చూసుకున్నాడు. "నేను ఇంత సన్నగా ఉంటినా?" అని రాత్రి పదకొండింటికి ఫోను చేశాడు. ఇప్పుడు సొంతంగా రెండెకరాల్లో రోజాలు పెంచి బెంగుళూరుకి పంపుతున్నాడు. ఆ ఫోటోకి ఫ్రేము కట్టించి, వాళ్ళ నాన్న ఫోటో పక్కనే తగిలించాడు.

మా గ్రూపులో 19 మంది మగవాళ్ళు చేరారు. ముగ్గురు కాలం చేశారు. ఇద్దరి ఆచూకీ లేదు. 1980 ప్రాంతంలో హోసూరుకి అశోక్ లేలాండ్, టీవీయస్ కర్మాగారాలు వచ్చాయి గనుక ఐటీఐ చదివినవాళ్ళు ఊరిపట్టునే ఉండిపోయారు. వాళ్ళని పట్టుకోవడం కష్టం కాలేదు. కష్టమల్లా ఆడపిల్లలతోనే వచ్చింది. పది మందిలో నలుగురే దొరికారు.

దానికి కారణం ఉంది. అమ్మాయి పెళ్ళి వయసు 18కి పెంచుతూ 1978లోనే చట్టం మారినా, మా పల్లెల్లో పదో తరగతి పరీక్షకీ పెళ్ళికీ మధ్య దూరం చాలామందికి ఒక వేసవే. పైగా మా వైపు బడి రిజిస్టరులో ఇంటిపేరు ఉండదు. తండ్రి పేరులోని మొదటి అక్షరమే ఇనీషియల్. పెళ్ళయితే అదీ మారి భర్త పేరు అక్షరం వస్తుంది. ఊరు మారి, అక్షరం మారి, కొందరికి అత్తవారింట్లో పేరే మారిపోయాక, బడి రిజిస్టరు పట్టుకుని మనిషిని ఎక్కడని వెతుకుతాం?

బ్యాంకులో రెండేళ్ళపాటు ఖాతాదారు ఏ లావాదేవీ చెయ్యకపోతే ఆ ఖాతాని పనిచెయ్యని ఖాతాల్లో వేస్తాం. పదేళ్ళు దాటితే ఆ సొమ్ము రిజర్వు బ్యాంకు 2014లో ఏర్పరచిన నిధికి పోతుంది. పోయినా అది ఖాతాదారు సొమ్మే. ఎన్నాళ్ళకి వచ్చి అడిగినా రుజువు చూసి తిరిగి ఇవ్వాల్సిందే. చిన్ననాటి స్నేహాలకి కూడా అదే రూలని నా నమ్మకం.

నమ్మకానికి ఆధారం కూడా దొరికింది. 2023లో మాలూరు వైపు ఒక పెళ్ళికి వెళ్ళిన మావాడికి, భోజనాల దగ్గర వడ్డించేవాళ్ళని పురమాయిస్తున్న ఒకావిడ గొంతు ఎక్కడో విన్నట్టనిపించింది. ముఖం చూస్తే పోల్చుకోలేకపోయాడు. ఊరు అడిగాడు, బడి అడిగాడు. మాకు పాఠాలు చదివి వినిపించిన అమ్మాయే! పరీక్ష రాసిన నెలన్నరకే పెళ్ళి చేశారట. పిల్లలిద్దరూ కన్నడంలో చదువుకున్నారు. ఇంట్లో తెలుగు అక్షరం చదివేది ఆవిడ ఒక్కతే.

మరునాడు గ్రూపులో ఆవిడ గొంతు వినిపించింది. "ఏమప్పా, నేనింకా మతికుండానా మీకంతా?" ఆ ఒక్క మాటకి 19 మందీ జవాబు పెట్టారు. నెల తిరగకుండా ఆవిడే మరో ఇద్దరిని వెతికిపెట్టింది. ఆడవాళ్ళ జాడ ఆడవాళ్ళకే తెలుస్తుంది. పుట్టింటి జాతరలు, గృహప్రవేశాలు, పురుళ్ళు వాళ్ళ దారులు. ఏడేళ్ళపాటు మా మగవాళ్ళు ఫోన్ల మీద సాధించలేనిది అలా నెల రోజుల్లో జరిగింది.

అందుకే పాఠకులకు నా మనవి. పాత మిత్రుల కలయిక అంటే మంచి ఉద్యోగాలు చేసి, హాలు బుక్ చేసి, శాలువాలు కప్పుకోగలిగినవాళ్ళ సంబరంగా మిగిలిపోకూడదు. ఒక తెల్లకాగితం తీసుకుని మీ పదో తరగతి హాజరు పట్టీని గుర్తున్నంతవరకూ వరసగా రాయండి. రాలేకపోయినవాళ్ళ పేర్ల పక్కన గుర్తు పెట్టండి. ముందు వాళ్ళ కోసం వెతకండి.

మాకు ఇంకా ఆరుగురు ఆడపిల్లలు దొరకాలి. ఈ పత్రిక కోలారు, మాలూరు, కుప్పం, కృష్ణగిరి వైపు ఇళ్ళకి కూడా వెళుతుంది. మీ ఇంట్లో హోసూరు తాలూకాలో తెలుగులో చదువుకున్న అమ్మో, అత్తో, పెద్దమ్మో ఉంటే ఏ సంవత్సరం పరీక్ష రాశారో ఒకసారి అడిగి చూడండి. 1985 అంటే మాకు కబురు చెయ్యండి. వేరే సంవత్సరం అయినా సరే, పక్కన కూర్చుని ఆ క్లాసు కబుర్లు చెప్పమనండి. ఆవిడ కోసం కూడా ఎవరో వెతుకుతూ ఉండవచ్చు.