పగిలిన చేతుల పూచీ ఎవరిది?

చలి మొదలవగానే పత్రికల మహిళల పేజీల్లో ఏటా ఒకే వ్యాసం మళ్ళీ మళ్ళీ వస్తుంది. పొడిబారిన చర్మానికి మీగడ రాయండి, నువ్వుల నూనెతో మర్దనా చేసుకోండి, రోజుకు ఎనిమిది గ్లాసుల నీళ్ళు తాగండి. పక్కన నవ్వుతున్న ఒక అమ్మాయి బొమ్మ. ఆ సలహాలన్నీ తప్పని అనను. కానీ చర్మం ఎందుకు పొడిబారిందన్న ప్రశ్నకు ఆ పేజీలో దొరికే జవాబులు మూడే: చలి, వయసు, అశ్రద్ధ. అంట్ల సబ్బు ఆ జాబితాలో ఉండదు. బట్టల సోడా ఉండదు. మరొకరి ఇంటి పని అసలే ఉండదు.

కొన్నేళ్ళ క్రితం హైదరాబాదులో ఇంటిపని చేసే స్త్రీల సమావేశంలో సమస్యలు రాసుకుంటున్నాం. జీతం, వారానికో సెలవు, దొంగతనం నిందలు, లైంగిక వేధింపులు, అన్నీ రాశాం. చివర్లో ఒకామె రెండు చేతులూ చాపి, "మేడం, గీ చేతుల సంగతి గూడ రాసుకోండ్రి. ఉప్పు ముట్టుకుంటే మండుతున్నయి. అన్నం కలుపుకోనీకి చెంచా వెట్టుకుంటున్న" అంది. అరచేతుల నిండా పగుళ్ళు, వేళ్ళ కణుపుల దగ్గర నెత్తురు చార. మేం అయ్యో అన్నాం. ఏదో క్రీము పేరు చెప్పాం. రాసుకోలేదు. మా పత్రంలో దానికి గడి లేదు.

ఆ గడి ఎందుకు లేదన్నదే ఈ వ్యాసం.

చర్మం పైపొరలో కణాలు గోడలో ఇటుకల్లా పేర్చి ఉంటాయి. వాటి మధ్య సున్నంలా కొవ్వు పదార్థం ఉంటుంది. లోపలి తడి ఆవిరైపోకుండా కాపాడేది అదే. గిన్నె జిడ్డును వదలగొట్టే సబ్బు చేతిలోని ఈ కొవ్వునూ వదలగొడుతుంది. చర్మానిది కొంచెం ఆమ్ల గుణం, పి.హెచ్. సుమారు 5. మామూలు సబ్బుది 9, 10 మధ్య. నీళ్ళలో ఎంతసేపు నానితే చర్మం అంత మెత్తబడుతుందనుకుంటాం. జరిగేది దానికి విరుద్ధం. నానిన పొర ఉబ్బి, తన కొవ్వును పోగొట్టుకుని, ఆరాక ముందుకన్నా పొడిబారుతుంది. నాలుగిళ్ళలో అంట్లు తోమి, బట్టలు ఉతికే చేతులు రోజుకు పదిసార్లు నానుతాయి, పదిసార్లు ఆరుతాయి. గోడ తిరిగి కట్టుకునే వ్యవధి వాటికి దొరకదు.

ఇంటిపని ఒక్కటే కాదు. బురదలో నాట్లు వేసే స్త్రీల కాలివేళ్ళ సందులు ఒరిసిపోతాయి. ఆషాఢంలో గోరింటాకు పెట్టుకోవడం అందుకేనని పెద్దవాళ్ళు అంటారు. కోస్తా జిల్లాల రొయ్యల ప్లాంట్లలో చేతులు గంటల తరబడి మంచునీళ్ళలో ఉంటాయి. గుంటూరులో మిరపకాయల తొడిమలు తీసే స్త్రీల చేతుల మంట నీళ్ళతో కడిగితే పోదు. ఆ ఘాటు నూనెలో కరుగుతుంది తప్ప నీళ్ళలో కరగదు. తడి సిమెంటుకు సబ్బును మించిన క్షారగుణం ఉంది. దాన్ని తట్టలకెత్తి మోసేది ఆడకూలీలే. వీళ్ళలో ఎవరి పగుళ్ళకు కారణం "అశ్రద్ధ"?

ఇక ఆ ఎనిమిది గ్లాసుల నీళ్ళ సంగతి. ఇంటిపని చేసే స్త్రీలను ఎవరినైనా అడగండి. పొద్దున్నుంచీ నీళ్ళు తాగకుండా ఉండడం వాళ్ళు నేర్చుకున్న మొదటి పాఠం. ఎందుకంటే తాము కడిగే మరుగుదొడ్డిని తాము వాడుకోవడానికి యజమానురాళ్ళు ఒప్పుకోరు. గ్లాసు వేరు, ప్లేటు వేరు. ఆ చేతులు పగిలితే మరో శిక్ష కూడా ఉంది. "చేతులకేదో ఉంది, అంటుకుంటుంది" అని వంటపనికి వద్దంటారు. తమ అంట్ల సబ్బు తెచ్చిపెట్టిన జబ్బును ఆమె అశుభ్రతగా, చాలాసార్లు ఆమె కులంగా లెక్కేస్తారు. ఆ పగుళ్ళు అంటుకునేవి కావు. అంటుకునే రోగం ఏదైనా ఉంటే అది ఆ చూపులోనే ఉంది.

మార్కెట్ ఈ చర్మాన్ని ఇంకో వైపు నుంచి పట్టుకుంది. 1975లో ఫెయిర్ అండ్ లవ్లీ పేరుతో వచ్చిన క్రీము 2020లో పేరు మార్చుకుంది, వ్యాపారం మార్చుకోలేదు. తెలుపు, మెరుపు, మృదుత్వం అన్నీ ఒకే ట్యూబులో అమ్ముతారు. దురద పెట్టే చేతులకు మందుల షాపువాడిచ్చే పూతమందులో తరచుగా స్టెరాయిడ్ ఉంటుంది. డాక్టరు చూడకుండా నెలల తరబడి రాస్తే అది చర్మాన్ని పలచబరుస్తుంది. 2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ పూతమందులు డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదంది. ఆ నియమం ఎంత అమలవుతోందో మీ వీధి చివర షాపుకు వెళితే తెలుస్తుంది.

ఇప్పుడు మన సంగతి. 1996లో బెంగుళూరులో ప్రపంచ సుందరి పోటీలు జరిగినప్పుడు స్త్రీల సంఘాలు వీధుల్లోకి వచ్చాయి. 2025 మేలో అవే పోటీలు హైదరాబాదుకొచ్చాయి. సౌందర్య వ్యాపారాన్ని వ్యతిరేకించడం సరైనదే. కానీ ఆ వ్యతిరేకతలో మనం చర్మాన్నే ఆ వ్యాపారానికి వదిలేశాం. చర్మం గురించి మాట్లాడితే అందం గురించి మాట్లాడినట్టే అనుకున్నాం. గర్భసంచి గురించి, రక్తహీనత గురించి పుస్తకాలు వేసిన మనం శరీరంలోకెల్లా పెద్ద అవయవాన్ని బ్యూటీ పార్లరుకు అప్పగించాం.

చట్టం మనకన్నా కొంచెం నయం. రసాయనాలు తగలడం వల్ల వచ్చే చర్మవ్యాధి 1948 ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూలులో, ప్రభుత్వానికి తప్పనిసరిగా తెలియజేయాల్సిన జబ్బుల జాబితాలో ఉండేది. 2025 నవంబరు 21న దాని స్థానంలో అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత కోడ్‌లోనూ ఉంది. కానీ ఇల్లు ఫ్యాక్టరీ కాదు. అదే సబ్బు ఫ్యాక్టరీలో చేయి కొరికితే వృత్తి వ్యాధి, వంటింటి సింకు దగ్గర కొరికితే ఆడదాని అశ్రద్ధ. ఇంటిపనివారికి సురక్షితమైన పని పరిస్థితుల హక్కు ఉందని చెప్పిన అంతర్జాతీయ కార్మిక సంస్థ 189వ ఒప్పందం 2011లో వచ్చింది. భారతదేశం దాన్ని ఇంతవరకూ ధ్రువీకరించలేదు. జర్మనీలో పనిరోజులో రెండు గంటలకు మించి చేతులు తడిలో ఉంటే దానికి "తడిపని" అని నిబంధనల్లోనే పేరుంది. చర్మాన్ని కాపాడే ఏర్పాట్లు యజమాని చేయాలి. మన దగ్గర రెండు గంటలు మొదటి ఇంట్లోనే అయిపోతాయి.

జీతాలకే దిక్కు లేనప్పుడు వాజలైన్ గొడవేమిటని కొందరు మిత్రులు అడుగుతారు. ఆ డబ్బా ఆమె జీతంలోంచే కొంటోంది. చేతులు పుండ్లయిన రోజు పని పోతోంది. మధుమేహం వల్ల పాదాల స్పర్శ తగ్గిన స్త్రీకి మడమ పగులు పుండై, చీము పట్టి, కాలు తీసేసేదాకా పోవచ్చు. ఇది జీతం గొడవే, ఆరోగ్యం గొడవే.

చేయగలిగినవి పెద్ద ఖర్చువి కావు. పని అయ్యాక మంచినీళ్ళతో కడిగి, అద్ది తుడిచి, చెమ్మ పూర్తిగా ఆరకముందే వాజలైనో కొబ్బరినూనో రాయాలి. రాత్రి దట్టంగా రాసి పాత నూలు మేజోళ్ళు తొడుక్కుంటే మడమలకూ, చేతులకూ మంచిది. మరీ వేడి నీళ్ళు వద్దు. పగుళ్ళను బ్లేడుతో గీకవద్దు. రబ్బరు గ్లౌజుల లోపల పలచని నూలు గ్లౌజులు ఉంటే చెమట పట్టి చెడకుండా ఉంటుంది. ఇవన్నీ ఆమెకు చెప్పి ఊరుకుంటే మనమూ మహిళల పేజీ రాసినట్టే. గ్లౌజులూ, చేతికి రాసుకునే జెల్లీ, పని మధ్య పది నిమిషాలూ యజమాని ఇవ్వాలని ఇంటిపనివారి ఒప్పంద పత్రాల్లో రాయించాలి. మరుగుదొడ్డి వాడుకునే హక్కూ అందులోనే ఉండాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలో యూరియా క్రీము ఉంది. అది ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా దొరకాలని అడగాలి. పనివల్ల వచ్చే చర్మవ్యాధిని నమోదు చేసే బాధ్యత ఇంటిపనికీ, పొలంపనికీ విస్తరించాలి.

వీటికన్నా ముందు చేయాల్సింది మన చేతుల్లోనే ఉంది. ఆ సమావేశంలో నేను రాసుకోని మాట ఇప్పుడు రాస్తున్నాను. మీ సంస్థ తరువాతి సర్వే పత్రం అచ్చుకిచ్చే ముందు అందులో ఒక గడి చేర్చండి: చేతులు, పాదాలు ఎలా ఉన్నాయి? ఏ పని వల్ల?