ఇంజిన్ ఆపకుండా చెయ్యి పెట్టొద్దు

పత్తి ఆఖరి తీత అయ్యాక రాయచూరు జిల్లా నల్లరేగడి చేలల్లో ఇప్పుడు ట్రాక్టర్ వెనక తగిలించిన స్లాషర్లు, ష్రెడ్డర్లు తిరుగుతున్నాయి. ఒకప్పుడు కూలీలు పీకి కుప్పేసిన పత్తి కట్టెను ఇవి నిలబడ్డచోటే ముక్కలు చేస్తున్నాయి. గులాబీ రంగు పురుగు బీటీ పత్తిని కూడా తట్టుకోవడం మొదలయ్యాక, కట్టెను పొలంలో ఉంచొద్దని శాస్త్రవేత్తలు పదేపదే చెబుతున్నారు. ఎండుకాయల్లో దాక్కున్న పురుగు వచ్చే పంటకు తయారుగా ఉంటుంది మరి. సలహా మంచిదే. సింధనూరు, మాన్వి తాలూకాల్లో తుంగభద్ర ఎడమ కాలువ కింద తెలుగు రైతులు స్థిరపడ్డ క్యాంపుల్లోనూ కోత మిషను వదిలిన వరి మోళ్లు కొట్టడానికి ఇలాంటి యంత్రాలే కావాలి. యంత్రాలైతే వచ్చాయి. వాటి దగ్గర ఎలా మసలుకోవాలో నేర్పేవాళ్లే రాలేదు.

ట్రాక్టర్ నుంచి యంత్రానికి శక్తినిచ్చే పీటీవో షాఫ్టు నిమిషానికి 540 చుట్లు తిరుగుతుంది. అంటే సెకనుకు 9. దాని జాయింటు చుట్టుకొలత 30 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. లెక్క వేసి చూడండి. కొంగు అంచు ఒక్కసారి చిక్కిందంటే ఐదున్నర మీటర్ల చీర చుట్టుకుపోవడానికి రెండు సెకన్లు చాలు. పంచె అయినా, మెడలో తువ్వాలైనా అంతే. పక్కవాడు కేక వేసి, డ్రైవరు వెనక్కి తిరిగి చూసేలోపు జరగాల్సింది జరిగిపోతుంది. అందుకే కంపెనీ ఆ షాఫ్టుకు గార్డుగా ప్లాస్టిక్ గొట్టం తొడిగి, గొట్టం తిరగకుండా గొలుసు కట్టి పంపుతుంది. జాయింటు క్రాసుకు గ్రీజు కొట్టడానికి అడ్డమొస్తోందని దాన్ని ఊడదీసి షెడ్డులో పడేస్తారు. పగిలితే మళ్లీ కొనరు.

స్లాషర్ కింద బ్లేడు కొస సెకనుకు 60 మీటర్లకు పైగా పరుగెడుతుంది, అంటే గంటకు 200 కిలోమీటర్లు దాటిన వేగం. లింగసుగూరు వైపు రాళ్లున్న చేలల్లో ఆ బ్లేడుకు తగిలిన రాయి ఎటు ఎగురుతుందో ఎవరూ చెప్పలేరు. వెనక వేలాడే గొలుసుల తెర సరిగా ఉంటే చాలావరకు ఆపుతుంది. గొలుసులు తెగిపోయిన యంత్రం వెనక పుల్లలు ఏరుకునే ఆడవాళ్లను, పిల్లలను రానివ్వడం చూస్తూ ప్రాణం మీదకు తెచ్చుకోవడమే.

అయితే మా భయమంతా యంత్రం కోస్తున్నప్పటి గురించి కాదు, దాన్ని సరిచేస్తున్నప్పటి గురించి. బ్లేడు మట్టిని గీకుతోందనో, కట్టె చుట్టుకుందనో డ్రైవరు దిగుతాడు. ఇంజిన్ నడుస్తూనే ఉంటుంది. పీటీవో లివరు తీసినా బరువైన బ్లేడు ఆ ఊపులో ఇంకాసేపు తిరుగుతుంది. చుట్టూ రేకు ఉంది కాబట్టి ఆ సంగతి కంటికి ఆనదు. ఇంకొకడు యంత్రాన్ని హైడ్రాలిక్ మీద పైకెత్తి, కింద పడుకుని బోల్టు బిగిస్తుంటాడు. ఎవరి మోచెయ్యో లివరుకు తగిలినా, ఆయిల్ గొట్టం పగిలినా ఆ బరువంతా అతని ఛాతీ మీదే. ఇంజిన్ ఆపి, తాళంచెవి జేబులో వేసుకుని, బ్లేడు నిలిచేదాకా ఆగి, కింద రెండు చెక్క దిమ్మెలు పెట్టడానికి ఐదు నిమిషాలు కూడా పట్టదు.

సరిచేసే పని పెద్ద విద్యేమీ కాదు. ముందు భాగం వెనక కంటే ఒకటి రెండు సెంటీమీటర్లు దిగి ఉండేలా టాప్ లింకు తిప్పుకోవాలి. ఒక బ్లేడు అరిగితే జత మొత్తం మార్చాలి. ఒకవైపు బరువు తగ్గితే పుట్టే అదురు బేరింగులను తినేస్తుంది, చివరికి బ్లేడు బోల్టునే వదులు చేస్తుంది. కాటర్ పిన్ పోయిందని మేకు గుచ్చడం తప్పు. అంతకంటే పెద్ద తప్పు, షియర్ బోల్టు మాటిమాటికీ తెగుతోందని గట్టి బోల్టు వేయడం. ఆ బోల్టు ఉన్నది తెగడానికే. రాయి తగిలినప్పుడు అది తెగి షాఫ్టును, గేర్‌బాక్సును కాపాడుతుంది. అది తెగకపోతే ఇంకేదో విరిగి మనిషి మీదకు వస్తుంది.

ఇదంతా చూసుకోవాల్సింది ఎవరు? యంత్రం చాలాచోట్ల అద్దెది. 2014-15లో కర్ణాటక ప్రభుత్వం మొదలుపెట్టిన కృషి యంత్రధారె కేంద్రం నుంచో, క్యాంపులో కొనుక్కున్న ఆసామి దగ్గర నుంచో గంటల లెక్కన వస్తుంది. గంటల లెక్క కాబట్టే ఇంజిన్ ఆపడం అందరికీ నష్టంలా కనిపిస్తుంది. గార్డు ఏమైందని యజమాని అడగడు, యంత్రం తనది కాదంటాడు డ్రైవరు, పని తెమిలితే చాలనుకుంటాడు రైతు. చేతులు పోగొడుతున్న నూర్పిడి యంత్రాలను దృష్టిలో పెట్టుకుని పార్లమెంటు 1983లోనే ప్రమాదకర యంత్రాల నియంత్రణ చట్టం చేసింది. నలభై ఏళ్లు దాటినా ఆపాటి శ్రద్ధ స్లాషర్ల మీదకు రాలేదు.

సబ్సిడీతో ఇచ్చిన ప్రతి యంత్రాన్నీ రైతు సంపర్క కేంద్రం ఏటా తనిఖీ చేయాలి. గార్డు, గొలుసులు ఉంటేనే అద్దెకు వదలాలి. రాయచూరు వ్యవసాయ విశ్వవిద్యాలయానికి ఇంజినీరింగ్ కళాశాల ఉంది. పత్తి తీతలు ముగిసేలోపు క్యాంపులకు వెళ్లి తెలుగులోనూ, కన్నడంలోనూ డ్రైవర్లకు ఒక పూట చేసి చూపించడం దానికి భారం కాదు. వాళ్లు చూసి నేర్చుకున్నవాళ్లు, కరపత్రాలు పంచి చేతులు దులుపుకుంటే లాభం లేదు.

రైతులు అందాకా ఆగనక్కర్లేదు. గార్డు లేని యంత్రాన్ని గట్టు మీద నుంచే వెనక్కి పంపండి. సరిచేయడానికి ఇంజిన్ ఆపిన సమయానికి కూడా అద్దె కడతామని, బేరం మాట్లాడేటప్పుడే డ్రైవరుకు చెప్పండి.